యుద్ధం ఆగాలని గ్రేసమ్మ ఉపవాసం

ఆ శుక్రవారం ఉదయం గ్రేసమ్మ చేసుకున్న ఏర్పాటు చిన్నదే. కుండలో మిగిలిన రెండు సోలల జొన్నలు ఆదివారం దాకా రావాలంటే ఆ పూట పొయ్యి వెలిగించకూడదు. మొగుడు దేవదాసు సద్ది గిన్నెలో నీళ్లు నింపి, గుడ్డ కట్టి చేతికిచ్చింది.

"నీళ్లెందుకే?"

"ఖాళీ గిన్నె పట్టుకుపోతే ఊపు చూసి కనిపెడతారయ్యా. బరువుగా నడువు."

యుద్ధం వచ్చి వేరుశనగ ఓడలు ఆగిపోవటంతో నరసరావుపేటలో నూనె మిల్లు వాళ్లు సగంమందిని వద్దన్నారు. దేవదాసు ఆ సగంలో పడి మూడు వారాలైంది. అయినా రోజూ మిల్లు వేళకే బయలుదేరి, రైలు స్టేషనులో కూర్చుని, మిల్లు వదిలే వేళకు ఇల్లు చేరేవాడు. చర్చిలో పేదల కోసం పెట్టిన పిడికెడు బియ్యం కుండలో గ్రేసమ్మ మొన్న ఆదివారం కూడా ఎప్పటిలాగే గుప్పెడు గింజలు వేసి వచ్చింది. వట్టి చేతులతో వెళితే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఆకలి కంటే ఆమెకు అదే భయం.

దేవదాసు మలుపు తిరిగాడో లేదో, పక్కింటి ఆదెమ్మ పిడక పట్టుకుని వచ్చింది. ఆమె మొగుడిది పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పని.

"వదినా, కాసింత నిప్పియ్యి." ఆదెమ్మ వంగి చూసింది. "ఏంది, పొయ్యి చల్లగా ఉందే?"

"ఇయ్యాల ఉపవాస ప్రార్థనలే."

"దేనికోసం?"

ఇంటి సంగతి ఏది చెప్పినా ఆదెమ్మ కూపీ లాగుతుంది. అందుకని గ్రేసమ్మ బాగా దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

"యుద్ధం ఆగాలని."

ఆ మాట బావి దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి చర్చికి వెళ్లి, పొద్దెక్కేసరికి పాస్టరు ఐజాక్ అయ్యగారిని వెంటబెట్టుకుని తిరిగివచ్చింది.

"ఇంత బరువు నువ్వొక్కదానివే మోస్తావా గ్రేసమ్మా? సంఘమంతా ఉపవాసముంటుంది. సాయంత్రం మీ వాకిట్లోనే ప్రార్థన," అన్నారాయన.

ఉపవాసం మొదలుపెట్టిన ఇంట్లోనే చివర అందరికీ అన్నం పెట్టటం ఆ సంఘంలో ఆనవాయితీ. గ్రేసమ్మ లోపలికి వెళ్లి జొన్నలు మళ్లీ కొలిచింది. రెండు సోలలే ఉన్నాయి.

సాయంత్రం దేవదాసు వచ్చేసరికి వాకిట్లో ముప్పైమంది మోకరించి ఉన్నారు. ఎవరో పోయారనుకుని అతను గొల్లుమన్నాడు. గ్రేసమ్మ రెక్క పట్టి పక్కకు లాగి సంగతి చెప్పింది.

"ఇప్పుడేం పెడతావే?"

"నువ్వు ప్రార్థన అందుకో. ఆపమాక. ఇసుగొచ్చి సగంమంది పోతారు."

దేవదాసు అందుకున్నాడు. ఇంగ్లండు కోసం, ఫ్రాన్సు కోసం, జర్మనీవాడి మనసు మారటం కోసం వేడుకున్నాడు. తెలిసిన దేశాలు అయిపోయాక రైలు స్టేషన్లు ఎత్తుకున్నాడు. శావల్యాపురం దాటి వినుకొండ చేరినా వాకిట్లో ఒక్కరూ కదలలేదు.

"ఒరేయ్ దేవదాసూ, వినుకొండలో యుద్ధమెక్కడుందిరా?" అన్నాడు ముసలి ఇన్నయ్య. "ఆమెన్ చెప్పి అన్నం పెట్టించు."

గ్రేసమ్మ లేచి నిలబడింది. "యుద్ధం కోసం కాదు అయ్యగారూ. మాకు పనిపోయి మూడు వారాలైంది. వండటానికేం లేక అట్టా అన్నా."

ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు మాత్రం నిప్పు దేనికనుకున్నావ్ వదినా? బట్టీ ఆరిపోయి నెలైంది. ఊరికే పొగన్నా లేపుదామని వచ్చా."

ఒకరి తర్వాత ఒకరు తలలు వంచుకున్నారు. చివరికి ఐజాక్ అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మిషను నుంచి మూడు నెల్లుగా జీతం లేదు. నేనూ అన్నానికే వచ్చాను."

"మరి చర్చి కుండలో ఏముందయ్యగారూ?" అన్నాడు ఇన్నయ్య.

"అంచుదాకా నిండి ఉంది. అందరూ ఎప్పట్లానే వేస్తున్నారుగా. పేదవాళ్లొస్తే ఇద్దామని దాచాను. ఎవరూ రాలేదు."

కుండ మోసుకొచ్చారు. వచ్చినవాళ్లలో ఎవరింట్లోనూ నిప్పు లేకపోవటంతో, దాన్ని మాత్రం వీధి చివరి హజ్రా బీ దగ్గర అడిగి తేవలసి వచ్చింది. చాలా రోజులకు గ్రేసమ్మ పొయ్యి నిజం పొగ వదిలింది.

యుద్ధం ఇంకా అయిదేళ్లు సాగింది. దాన్ని ఆపమని ఆ వీధివాళ్లు ప్రతి శుక్రవారం ఉపవాసమున్నారు, ఒక్కరూ బక్కచిక్కలేదు.