తుడవమన్న మాట

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. మబ్బు మొహం వేసుకుని కూర్చుంది. శిక్షణ కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే మరిది మొహమూ అలాగే ఉంది. మధ్యాహ్నం తనిఖీ. కొత్త కంప్యూటర్ హాలు పాస్ కాకపోతే అతని పని బయటి కంపెనీకి పోతుంది. ఆ సంగతి చెప్పింది ప్రిన్సిపాలే. ఆవిడ అతని భార్యకు సొంత అక్క, అతనికి వదిన.

"కొత్తవీ పాతవీ అని చూడకు మరిదీ. బిల్డింగులో కంప్యూటర్లన్నీ శుభ్రంగా తుడిచెయ్యాలి" అని ఫోన్ పెట్టేసింది వదిన.

మరిది పనిలో తుడవడమంటే ఒకటే అర్థం: ఉన్నది చెరిపి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. అందుకతను ఒక్కో యంత్రం చుట్టూ తిరగడు. ఏ కంప్యూటర్ ఆన్ చేసినా అది ముందు నెట్‌వర్క్‌లో సర్వర్‌ని పలకరిస్తుంది. సర్వర్ ఇంకో ప్రశ్న వేయకుండా పాతది చెరిపి కొత్తది ఎక్కించేస్తుంది. హాలు వరకే ఉన్న ఆ వరాన్ని అతను బిల్డింగంతటికీ తెరిచాడు. అందరికీ చెప్పి, తీరిగ్గా రీస్టార్ట్ చేయిద్దామనుకున్నాడు.

వదిన అదే మాట ఆయమ్మకీ చెప్పింది. ఆయమ్మ షాక్ కొడుతుందన్న భయంతో ప్రతిదాన్నీ ఆపి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ ఆన్ చేస్తూ గదులన్నీ చుట్టింది.

మొదటి కేక అకౌంట్స్ గదిలోంచి వచ్చింది.

"ఆయమ్మా! ఏం చేశావ్?"

"తుడిచానయ్యా."

"లోపలిది కూడా పోయిందేంటి!"

"గుడ్డ గట్టిగానే పిండాను బాబూ."

లైబ్రరీ ఆవిడ తెలివిగా పొడిగుడ్డ ఇచ్చింది. అక్కడి కంప్యూటర్లో ఉన్నదీ పోయింది. చివరికి ప్రిన్సిపాల్ గది.

"ఈ పూటే నిన్ను మానిపిస్తా!" అని వదిన లేచింది.

మరిది రొప్పుతూ వచ్చాడు. "ఆవిడ కాదు వదినా, నేను. తుడవమన్నది మీరే కదా!"

"దుమ్మురా నాయనా, దుమ్ము!"

"ఆఫీసు ఫైళ్లు సర్వర్లో భద్రంగా ఉన్నాయి. సొంతంగా దాచుకున్నవే పోయాయి."

"అంటే నా పేకాట?" అన్నాడు అకౌంటెంట్ నీరసంగా.

అంతలో తనిఖీ అధికారి దిగాడు. హాలు చూశాడు. ఊరుకోక గది గదీ చూశాడు. ఎక్కడ చూసినా తళతళలాడే కొత్త తెరలే.

"అన్నీ ఎప్పుడు మార్చారు?"



"పొద్దున తుడిచామండీ" అంది ఆయమ్మ.

"తుడిస్తే?"

స్టోరు గదిలో తుడవని కంప్యూటర్ ఒక్కటి మిగిలిపోయింది. ఆయన కళ్ల ముందే ఆయమ్మ దాన్ని ఆపింది, తుడిచింది, ఆన్ చేసింది. ఆయన టీ తాగి వచ్చేసరికి, కీబోర్డు మీద ఎవరి వేలూ పడకుండానే అది కొత్తదై కూర్చుంది. అది తను పెట్టిన సర్వర్ పనేనని మరిది ఒప్పుకున్నాడు.

"బయటి కంపెనీ ఎందుకమ్మా? మిగతా కేంద్రాలు కూడా ఈయనకే అప్పగించండి" అన్నాడాయన.

ఆయన వెళ్లాక వదిన, మరిది, ఆయమ్మ, అకౌంటెంట్ నలుగురూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. వదిన మరిదికి రెండోసారి కూడా తనే వడ్డించింది. అకౌంటెంట్ మాత్రం మధ్యలో ఒకసారి నిట్టూర్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.