కాత్రా ఎడమ తలుపు

ఆ ఆదివారం పొద్దున ఫాదర్ ఫెలిక్స్ పెట్టుకున్న పని ఒక్కటే. కాత్రాను చివరిసారి కొండమీది మైదానం దాకా నడిపి, దాని తాళంచెవి లాంఛనంగా కొత్త డైరెక్టరు చేతిలో పెట్టడం.

కాత్రా అంటే ఆయన పాత రెనో కారు. మిషనరీలకు బళ్ళు కొనిచ్చే నిధికి ముప్పై ఏళ్ళుగా ఆయనే డైరెక్టరు. ప్రయాణికులను కాపాడే పునీత క్రిస్టఫర్ పండగనాడు జనం తమ కార్లకు దీవెన పొంది, ప్రమాదం లేకుండా నడిపిన ప్రతి కిలోమీటరుకూ ఇంతని ఆ నిధికి ఇస్తారు. ఆ డబ్బుతో మడగాస్కర్ బురదలో జీపులు తిరుగుతాయి. "నా కాత్రాకు ఇంతవరకూ ఒక్క గీత పడలేదు" అన్నది ఏటా ఆయన ప్రసంగంలో మొదటి మాట.

ఇవాళ్టి పండగతో పదవీ పోతుంది, కాత్రా కూడా పోతుంది. సోమవారం పాత ఇనుము కొనేవాడు వచ్చి దాన్ని తీసుకుపోతాడు. పదవి సంగతి సరే, కాత్రా పోతుందంటే ఫెలిక్స్‌కు ఏడుపొస్తోంది. వానలో దారి తప్పిన రాత్రులు, వెనక సీట్లో జనం ఇచ్చిన ఆపిల్ బుట్టలు, మొదటి జీపు ఫొటో వచ్చినరోజు దాని హారన్ మోగిస్తూ ఊరంతా తిరగడం, అన్నీ గుర్తొస్తున్నాయి. ఆయన మనసు మడగాస్కర్‌లో ఉంది, కారు రివర్స్‌లో ఉంది. ఇంటి గేటు స్తంభం, స్టీరింగ్ వైపున్న ఎడమ తలుపును కర్రుమని గీరి, లోపలికి నొక్కేసింది.

ఇంట్లో వంట చూసే రేజికా ఒళ్ళో పొతిత్సా రొట్టె పెట్టుకుని పక్క సీట్లో కూర్చుని ఉంది.

"అయిపోయింది! ఇప్పుడు ప్రసంగం ఏమని మొదలెడతారు ఫాదర్?"

"ఎప్పటిలాగే."

"ఆ తలుపు చూస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది."

"గోడకు ఆనించి పెడితే ఎవరికీ కనబడదులే. నువ్వు నోరు మెదపకు."

మైదానంలో గోడ లేదు. అందుకని దాని గేటుకు కాస్త ఇవతలే, సందులో, ఎడమ తలుపు రాతిగోడకు తగిలేలా కాత్రాను ఆపేశాడు. రొట్టెతో సహా రేజికా ముందు దిగింది. వెనకాలే ఫెలిక్స్ అంగీ సర్దుకుంటూ ఆమె సీటు మీదుగా పాకి బయటపడ్డాడు.

కొత్త డైరెక్టరు ఫాదర్ గాష్పర్ సైకిల్ మీద అప్పుడే వచ్చాడు. ఆ దృశ్యం చూసి ముగ్ధుడయ్యాడు.

"అనుభవం అంటే ఇదీ! ఎంత స్థలం కలిసొచ్చిందో!" అని, వెనక వస్తున్న కారుకు చెయ్యి అడ్డుపెట్టాడు. "అక్కడే ఆపండి! ఫాదర్ ఎలా పెట్టారో అలాగే. గోడకు ఆనించండి, ఇంకా ఆనించండి!"

ఫెలిక్స్ వద్దనబోయాడు. వద్దంటే కారణం చెప్పాలి.

ఒకదాని వెనక ఒకటి, సందు పొడుగునా కార్లు గోడకు అతుక్కున్నాయి. ముసలమ్మలు ముందు దిగుతున్నారు, నడిపినవాళ్ళు వెనకాల పాకుతున్నారు.

"ఏంటయ్యా ఈ సర్కస్?" అన్నాడు బేకరీ ద్రాగో, పొట్ట గేరురాడ్డుకు పట్టేసి.

"ఈ ఏడు కొత్త నియమమంట. నడిపేవాడికి వినయం రావాలని," అన్నాడు వెనక కారాయన.

"వినయం తర్వాత, ముందు నన్ను లాగండ్రా!"

కాసేపటికి వరస కొండ దిగి పెద్దరోడ్డు దాకా పాకింది. బిషప్‌గారి కారు అక్కడే ఇరుక్కుంది. ఆయన పండగ వస్త్రాలు ఎత్తిపట్టుకుని చెమటలు కక్కుతూ నడిచి వచ్చారు. పీఠం అలంకరించిన మైదానం ఖాళీగా ఉంది. దీవెన పొందాల్సిన కార్లన్నీ సందులో ఉన్నాయి.

"అన్నిటికీ ముందున్నది ఎవరిది?" అన్నారు బిషప్‌గారు.

"నాదేనండి," అన్నాడు ఫెలిక్స్. "ఇక్కడే దీవించేద్దామండి, గాలి బాగుంది."

"గాలి సంగతి తర్వాత. తాళంచెవి అప్పగింత ఇప్పుడే కానిద్దాం. ఫాదర్ గాష్పర్, కారు మైదానం లోపల పెట్టండి."

జనం చప్పట్లు కొట్టారు. గాష్పర్ తాళంచెవి పుచ్చుకుని లోపలికి పాకాడు. డాష్‌బోర్డులోంచి గొడుగు పిడిలా పొడుచుకొచ్చిన గేరును చాలాసేపు చూశాడు. తర్వాత అద్దం జరిపి తల బయటపెట్టాడు.

"బిషప్‌గారూ... నాకు డ్రైవింగ్ రాదండి."

"బళ్ళ నిధికి డైరెక్టరువి కదయ్యా!"

"ఎవరూ అడగలేదండి."

చేసేదిలేక ఫెలిక్సే స్టీరింగ్ పట్టుకున్నాడు. కాత్రా మైదానంలోకి కదిలింది, ఎడమ తలుపు ఎండలో పడింది. సొట్ట అందరికీ కనబడింది. ఆయన కిందికి దిగి తల వంచుకున్నాడు.

"పొద్దున గేటుకు కొట్టాను. సిగ్గేసి దాచాను. నావల్లే మీకు ఈ పాట్లన్నీ."

ముందు ద్రాగోయే విరగబడి నవ్వాడు. "అయ్యా, మీ ప్రసంగానికి భయపడి ఇన్నేళ్ళూ మా సొట్టలకు రంగు పూసుకుని వచ్చాం కదయ్యా!" అంటూ తన కారు బంపర్ చూపించాడు. తక్కినవాళ్ళూ మొదలుపెట్టారు. ఎవరు ఎక్కడ గుద్దారో, ఏ ఏడు ఏం దాచారో చెప్పుకుంటూ, రేజికా కోసిచ్చిన పొతిత్సా తింటూ మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఫెలిక్స్‌కు కళ్ళు చెమర్చాయి. అంత సంతోషంగా ఏ పండగా గడవలేదు ఆయనకు.

పాత ఇనుము వాణ్ణి రావద్దన్నారు. గాష్పర్‌కు లైసెన్సు వచ్చేదాకా కాత్రా ఉండాలనీ, ఫెలిక్సే నడపాలనీ బిషప్‌గారు తేల్చారు.

గాష్పర్ ఇంకా పరీక్ష తప్పుతూనే ఉన్నాడు. నేర్పుతున్నది ఫెలిక్సే.