ద్వితీయపుటోద్ఘాటన సమరము

మధ్యాహ్నభోజనానంతర నిద్రాదేవి సకలాధ్యాపకలోకమును ఏకచ్ఛత్రముగా ఏలుచున్న వేళ, గణితశాఖ యను మహాదుర్గమున, కిర్రుమను ఫ్యాను క్రింద, దిద్దని జవాబుపత్రముల గుట్టలు కోటగోడలై నిలువగా, ఎర్రసిరా కలమును ఖడ్గముగా ధరించి, పుట త్రిప్పుటను ప్రాణాంతక శ్రమగా నెంచు పరిశీలకవర్యుడు కుర్చీపై కొలువుదీరి యుండెను. ఆ గుమ్మమున నిలిచినది మన వీరనారి; అక్కతో కలిసి ఒకే గైడును బట్టీపట్టి పరీక్ష వ్రాసిన చెల్లెలు. గడప దాటెను.

ఆమెపై పడిన నింద సామాన్యమా! కాపీ! అది ఖాయమైనచో ఏడాదిపాటు ఏ పరీక్షకును కూర్చుండరాదు.

"మీ అక్క పేపర్లో, నీ పేపర్లో మొదటి పేజీ పొల్లు పోకుండా ఒకటే," అని పరిశీలకవర్యుడు గర్జించెను. "రెండు హోలోమార్ఫిక్ ప్రమేయాలు, అదే, ఎక్కడా గతుకు లేకుండా నున్నగా సాగే ఫంక్షన్లు, ఒక్క చిన్న ముక్కలో కలిశాయంటే, ఆ ప్రదేశమంతా అవి రెండూ ఒకటే. నేనే కదమ్మా మీకు చెప్పింది! ఇంక మిగతా పేజీలు చూడ్డం దేనికి?"

అహో! సంకీర్ణసంఖ్యల తలమును నిరంకుశముగా ఏలిన ఈ ఏకత్వసిద్ధాంతమునకు, ఒక బద్ధకస్తునికి గొడుగు పట్టు గతి పట్టెను గదా!

చెల్లెలికి ఒళ్లు మండెను.

"సార్, అది బుద్ధిగా నడిచే ప్రమేయాల సంగతి. మేం అలాంటివాళ్లమా? మొదటి పేజీలో ఉన్నది గైడులో మాట, క్లాసులో సగం మంది అదే రాసుంటారు. మా అక్కా నేనూ ఒక్కరోజైనా ఒక మాట మీద ఉన్నామేమో మా అమ్మనడగండి. ఒక్క పేజీ తిప్పండి సార్!"

"తిప్పను."

"అయితే నేనూ కదలను."

అంతట చూపులు చూపులతో ఢీకొనెను. బల్లపై టీ మీగడ కట్టసాగెను. దాని వంక చూచి, ఆ మహాయోధుని ధైర్యము సడలెను. ఈ పిల్ల పోవునంతవరకు ఒక్క గుక్కయు దక్కదని గ్రహించి, బొటనవ్రేలు తడిచేసికొని, కోటతలుపు తీసినట్లు పుట త్రిప్పెను.

అక్క పత్రమున రుజువు నిర్దోషము. చెల్లెలి పత్రమున వరుసకొక తప్పు. అడుగున, నిరూపింపవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకము!

"ఇంత తప్పుగా ఎవర్నీ చూసి రాయలేరమ్మా," అని ఆయన నిట్టూర్చి, 'కాపీ' యను మాట కొట్టివేసి, 'ఫెయిల్' అని లిఖించెను.

సకల పరీక్షార్థులారా, ఆలకింపుడు! మ్రోగుగాక విజయదుందుభులు! ఎవరి సాయమును లేక, అచ్చముగా తన సొంత తెలివితో తప్పి, వచ్చు పరీక్షలో మరల తప్పుటకు సంపూర్ణాధికారమును సాధించి, ఆ ధీరవనిత తలయెత్తి వెడలెను!