ఉడుతకు పెట్టిన కారం

ఆ ఆదివారం తోర్‌గ్రిమ్ పెట్టుకున్న పనులు రెండే. పిట్టల కోసం కట్టిన గింజల తొట్టెను దోచుకుంటున్న ఎర్ర ఉడుతకు బుద్ధి చెప్పడం ఒకటి. పదకొండింటికి కాఫీకి వచ్చే పక్కింటి బోర్గిల్ద్‌ను, ఈస్టరుకు కొండ మీది తన చెక్క ఇంటికి రమ్మని అడగడం రెండోది. మొదటిది రెండోదాని కొంప ముంచుతుందని అతనికి తోచలేదు. ఆ ఉడుతంటే బోర్గిల్ద్‌కు ప్రాణం మరి.

తొమ్మిదేళ్లుగా కంచెకు అటూ ఇటూ అదే తగువు. "నీ ఎర్రపొట్ట పిట్ట వట్టి తిండిపోతు. నా ఉడుత గింజలు దాచి అడవిని పెంచుతుంది" అని ఆమె. "దాచిన చోటు గుర్తుండని మతిమరుపును పుణ్యం చేస్తావేం!" అని ఇతను.

పిట్టకు కారం తెలియదనీ, ఉడుతకు నషాళానికి అంటుతుందనీ రేడియోలో విన్నాడు. గింజల్లో మిరపపొడి కలిపి తొట్టె నింపాడు. లోపలికొచ్చి అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. ఇంకేముంది! కుళాయి కోసం తడుముకుంటుంటే బల్ల మీది కారం పొట్లం ఒరిగి, మిగిలిందంతా కాఫీలోకని పెట్టుకున్న వాఫిల్ అట్ల పిండిలో పడింది. అదేమీ చూడకుండా, నీళ్లు కారే కళ్లతోనే పిండి కలిపి కాల్చేశాడు.

బోర్గిల్ద్ వచ్చేసరికి ముక్కు చీదుతూ కూర్చున్నాడు.

"ఏమైందయ్యా? ఎవరు పోయారు?"

దగ్గుతూ కిటికీ అవతలి తొట్టె వైపు చెయ్యి చూపాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"నా ఉడుతా? దాని కోసం నువ్వు ఏడుస్తున్నావా?" భుజం మీద చెయ్యి వేసింది. "నీ మనసు ఇంత మెత్తనని తెలియలేదు, తోర్‌గ్రిమ్."

కాదని చెప్పాలి. కానీ ఆ చెయ్యి హాయిగా ఉంది. "ఈస్టరుకు మా కొండ మీదికి వస్తావా? పండగ ఆనవాయితీగా మంచులో కూర్చుని నారింజలు తిందాం" అన్నాడు.

"వస్తాను" అంది.

అంతలో ఉడుత తొట్టె మీదికి దూకింది. ఒక గింజ కొరికి, మూతి మంచులో రుద్దుకుని, పరుగో పరుగు. పక్కనే పిట్ట తాపీగా తింటూనే ఉంది.

బోర్గిల్ద్ తొట్టెను చూసింది, బల్ల మీది ఎర్రటి పొట్లాన్ని చూసింది, సంగతంతా గ్రహించింది. పళ్లెంలోని వాఫిల్‌ను కసిగా కొరికింది. మరుక్షణం పాలసీసా ఎత్తింది.

"నాకూ పెట్టావా!"

"ఒట్టు, ఇది పొరపాటు!" తానూ ఓ ముక్క కొరికి, ఆమె చేతిలోని సీసా అందుకున్నాడు. కాస్త తేరుకుని, బెరుగ్గా అడిగాడు. "ఈస్టరు సంగతి పోయినట్టేనా?"

కళ్లు తుడుచుకుంటూ ఆమె పగలబడి నవ్వింది. "తొమ్మిదేళ్లు పోట్లాడుకున్నాం. కలిసి ఏడవడం ఇదే మొదలు. వస్తాలే. వంట నాది. ఉడుతకు అక్రోట్లు నీవి."

ఆ పూట కంట నీరు పెట్టనిది ఎర్రపొట్ట పిట్ట ఒక్కటే.