బడి బావిలో మూడు మూటలు

మెట్టుగూడ మొత్తానికి అపరాధ పరిశోధక మేధస్సు ఒక్కటే ఉందనీ, అది నా తలలోనే ఉందనీ నాకు చిన్నప్పటినుంచీ గట్టి నమ్మకం. పొట్టకూటికి మాత్రం మిషన్ బడిలో ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. పేరు జీవరాజు.

నిజాం మీద పోలీసు చర్య ముగిసి పది రోజులైనా పుకార్లు ఊరు వదలలేదు. అందుకే పిల్లలకు కొత్త పాఠం మొదలుపెట్టాను. ఏ వార్త విన్నా మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు చెప్పారు, కళ్లారా చూశారా, ఇంకెవరైనా చూశారా.

సోమవారం వచ్చేసరికి బడి బావి దగ్గర నరపురుగు లేదు. రోజూ చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా అక్కడే నీళ్లు పట్టుకుంటారు. బంట్రోతు సోమయ్య ఒక్కడే తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"బాయిల మూడు మూటల విషం ఏసిర్రంట సార్. లారీల వచ్చిర్రంట. పొద్దుగాల నీళ్లు తోడేటోణ్ణి నేనే గద, అందరు నన్నే అనుమానంగ చూస్తున్నరు. నా ఇజ్జత్ బోతున్నది."

భయంకరమైన కుట్ర! నా రక్తం పరవళ్లు తొక్కింది. బావి గట్టు మీద తెల్లటి పొడి కనిపిస్తే కాగితంలో పొట్లం కట్టాను. సోమయ్య చేతులు చూస్తే తడిగా ఉన్నాయి. నీళ్లు తోడేవాడికి చేతులు తడిగా ఉండటమేమిటి? ఇంకొకరైతే ఇంత సూక్ష్మమైన ఆధారాన్ని వదిలేసేవారు.

హెడ్‌మిస్ట్రెస్ మేబెల్ గారు దిగులుగా ఉన్నారు. "సాయంత్రంలోగా నిజం తేలకపోతే సోమయ్యను పనిలోంచి తీసెయ్యమంటున్నారు ఇరుగుపొరుగు, జీవరాజు గారూ."

"సాయంత్రందాకా ఎందుకండీ? అందరినీ నా తరగతికి పిలవండి."

తరగతి నిండింది. కిటికీల బయట ఇరుగుపొరుగు బిందెలతో నిలబడ్డారు. నేను పొట్లం విప్పాను.

"ఇదిగో విషం. అవిగో తడి చేతులు."

"నీళ్లు తోడితే చేతులు తడవయా సార్?" అన్నాడు సోమయ్య.

నేను గొంతు పెంచి చెయ్యి విసురుగా చాపాను. మోచెయ్యి నల్లబల్లకు తగిలింది. అది తిరుగుడు బల్ల. గిర్రున తిరిగి నా వీపు మీద ఒకటిచ్చి, వెనకవైపు చూపించి ఆగింది.

అక్కడ శుక్రవారం నేను రాసిన అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. "వార్త: బడి బావిలో ఎవరో మూట వేశారట."

పిల్లలు ప్రశ్నలు అడుగుతారని నేనే అల్లాను. అల్లానని చెప్పేలోపే గంట కొట్టారు, పిల్లలు ఇళ్లకు పరిగెత్తారు. రెండు రోజుల్లో ఆ మూట మూడై, లారీ ఎక్కి తిరిగొస్తే, కన్నతండ్రినైన నేనే గుర్తుపట్టలేదు.

ముందు బెంచీలోంచి డోరా లేచింది. "ఆ పొడి సుత సుద్దపొడే సార్. డస్టర్ మీరే రోజు బాయి గట్టు మీద దులుపుతరు గద. ఎవరు చెప్పిర్రంటే, మీరే."

"కళ్లారా చూశారా?" రెండో ప్రశ్న మేబెల్ గారు నన్ను అడిగారు.

"లేదండీ."

సోమయ్య వైపు తిరిగాను. "తప్పు నాది సోమయ్యా. క్షమించు."

అతను వెళ్లి, ఆ బావి నీళ్లే చెంబుతో తెచ్చాడు. "తాగుర్రి సార్. అందరు చూస్తరు."

గడగడా తాగేశాను. కిటికీ బయట బిందెతో నిలబడ్డ పొరుగింటి శ్యామలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఒక్క చెంబుతోటి ఏం తెలుస్తది? జెర ఇంకోటి తాగుర్రి."

నాలుగో చెంబు అయ్యాక ఆమె బిందె ఎత్తుకుని బావి వైపు నడిచింది. సోమయ్య ముందే వెళ్లి తాడు అందుకున్నాడు.