ఫోటో లేని చేప

మనిషి మాటను నమ్మడమంత అనాగరికమైన అలవాటు ఇంకొకటి లేదు! కోపం తెచ్చుకోకండి, కాస్త నిదానంగా ఆలోచించండి. మన తాతలు ఎదుటివాడు చెప్పింది విని, తలూపి, నమ్మేసి, గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఎంత వెనకబాటుతనం! ఇవాళ మనకు ఆ దురవస్థ లేదు. ఎవరినీ నమ్మనక్కర్లేదు. అన్నింటికీ రుజువులున్నాయి.

సింగపూర్‌లో, యూ టీలో కాపురముండే కృష్ణప్రసాద్‌నే తీసుకోండి. పాయా లేబర్‌లో ఆఫీసు, ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ చూసే ఉద్యోగం. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో అతను పనిచేస్తున్నాడని మేనేజర్ నమ్మాల్సిన ఖర్మ లేదు. కంప్యూటర్‌లో పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే చాలు. ఆ చుక్క ఎక్కడ ఆరిపోతుందోనని అతను బాత్రూమ్‌కు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళతాడు. జ్వరమొస్తే? ఒంట్లో నూట మూడు డిగ్రీలున్నా, డాక్టరిచ్చిన ఎంసీ, అదే మెడికల్ సర్టిఫికెట్, లేకపోతే ఆఫీసు లెక్కలో అతను ఆరోగ్యవంతుడే!

అతని స్నేహితుడు అప్పయ్య సంగతి ఇంకా గొప్పది. రోజుకు పదివేల అడుగులు నడిచినట్టు చేతి గడియారం చూపిస్తే ఇన్సూరెన్స్‌లో తగ్గింపు ఇస్తామన్నారు. పాపం, మోకాళ్ళ నొప్పులు. సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూ, చెయ్యి ఊపి ఊపి పదివేలు పూర్తిచేశాడు. ఇప్పుడు మోకాళ్ళు అలాగే ఉన్నాయి, భుజం కూడా పట్టేసింది. అయితేనేం, రుజువు ఉందా లేదా?

అసలు విషయానికొస్తాను. కృష్ణప్రసాద్‌కు వారంలో నాలుగంటే నాలుగు గంటలు తనవి. ఆదివారం పొద్దున్న లోయర్ సెలెటార్ రిజర్వాయర్ గట్టున గాలం పట్టుకుని నిలబడే నాలుగు గంటలు. అక్కడ పచ్చ చుక్క లేదు, మీటింగ్ లేదు, నీళ్ళు తప్ప ఎవరూ అతన్ని ఏమీ అడగరు. ఆ నాలుగు గంటలు లేకపోతే పిచ్చెక్కిపోతానని అతనికి తెలుసు. పైకి చెప్పడు గానీ, ప్రాణమంతా అక్కడే ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. నాలుగేళ్ళలో అతనికి ఒక్క చేపా పడలేదు.

భార్య సూర్యకుమారిది కాకినాడ. వాళ్ళ వైపు చేపలకని వెళ్ళినవాడు చేపలతో వస్తాడు. రాకపోతే అతను వెళ్ళింది చేపలకు కాదని అర్థం. అత్తగారు వీరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "అమ్మాయీ, అసలు మీ ఆయన నీళ్ళ దగ్గరికే వెళ్తున్నాడా?" అని మొదలుపెట్టేది. సూర్యకుమారి నవ్వేసేది. నాలుగో ఏడు వచ్చేసరికి ఆ నవ్వు సన్నబడింది.

"ఈసారి పోటీలో కూడా పడకపోతే ఆ గాలం కర్రలన్నీ అమ్మేసి, ఆదివారాలు ఇంట్లో ఉండండి. మా అమ్మకు సమాధానం చెప్పలేక చస్తున్నాను" అంది ఆవిడ. కృష్ణప్రసాద్ సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు?

పోటీ అంటే వాళ్ళ గాలం క్లబ్ ఏటా పెట్టుకునే బాస్ టోర్నమెంట్. పీకాక్ బాస్ అని, ఒళ్ళంతా బంగారుపచ్చ, నడుముకు నల్ల చారలు, తోక మీద కన్నులాంటి మచ్చ ఉండే చేప. దాన్ని పట్టాలి, కొలవాలి, వదిలేయాలి. ఇంటికి తేకూడదు. మరి పట్టినట్టు ఎలా తెలుస్తుంది? నా అభిమాన పురుషుడు కౌశల్ రంగంలోకి వచ్చేది ఇక్కడే. క్లబ్ కార్యదర్శి, ముప్పయ్యేళ్ళవాడు, రూల్ బుక్‌ను లామినేషన్ చేయించి మెడలో వేసుకు తిరిగే మహానుభావుడు. చేపను కొలతపలక మీద పడుకోబెట్టాలి. తల ఎడమవైపు. నోరు మూసి ఉండాలి. పక్కన ఆ పొద్దున్న ఇచ్చిన పసుపు కార్డు కనబడాలి. ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. అప్పుడే అది చేప!

ఇదివరకు ఈ క్లబ్‌లో ఇంత నాగరికత లేదు. క్లబ్ పెట్టిన సూర్యారావు అంకుల్ తాతలనాడే విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబంలోవాడు. ఇక్కడే పుట్టి ఇక్కడే డెబ్బయి నిండాయి. వాళ్ళ రోజుల్లో ఎంత చేప పట్టావని అడిగితే చేతులు చాపి చూపించేవారట. వినేవాళ్ళు అందులో సగం తీసేసి, మిగతా సగం నమ్మేసేవారట. వినడానికే ఒళ్ళు జలదరిస్తోంది కదూ?

సరే, పోటీ రోజు వచ్చింది. ఏడింటికి మొదలు, పదకొండుకు ఆఖరు. పదింపావు దాకా కృష్ణప్రసాద్ గాలానికి నాచు తప్ప ఏమీ తగల్లేదు. చుట్టుపక్కల వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. అతను మనసులోనే కర్రలకు ఒక్కోదానికీ వీడ్కోలు చెప్పుకుంటున్నాడు.

అప్పుడు లాగింది! రీలు కిర్రుమంది, కర్ర వంగిపోయింది. పది అడుగుల దూరంలో ఉన్న సూర్యారావు అంకుల్ "లాగకురా, వదులు, వదులు! ఇప్పుడు లాగు!" అని కేకలు. ఐదు నిమిషాల పెనుగులాట తర్వాత చేప గట్టెక్కింది. పలక మీద పెడితే నలభై ఆరు సెంటీమీటర్లు! ఆ రోజుకు అంతకు మించింది ఎవరికీ పడలేదు.

జేబులోంచి ఫోన్ తీశాడు. బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? ఫోటో తీస్తాడు. మనవాడు ఏం చేశాడు? పెళ్ళానికి వీడియో కాల్ చేశాడు!

పది సెకన్లు చూపించి పెట్టేద్దామనుకున్నాడు. సూర్యకుమారి ఆనందం పట్టలేక కాల్‌లోకి వాళ్ళమ్మను కలిపింది. వీరమ్మ తన తమ్ముడు ఈశ్వరరావును కలిపింది. ఆయన పక్కింటి రత్తమ్మను కూడా పిలిచాడు.

"కొరమేనా అల్లుడుగారూ? కొరమేనైతే బూడిద రాసి తోమాలి" అంది వీరమ్మ.

"ముల్లు ఎక్కువుంటదా?" అన్నాడు ఈశ్వరరావు.

"చింతపండు వద్దు, మామిడికాయెయ్యమనండి" అంది రత్తమ్మ.

"అదేం కాదత్తయ్యగారూ, వదిలేయాలి" అన్నాడు కృష్ణప్రసాద్.

"వదిలేయడమేమిటి! మతి పోయిందా?" అని నలుగురూ ఒక్కసారే.

చేప పలక మీద ఒకసారి ఎగిరింది. ఫోటో తీయాలంటే కాల్ కట్ చేయాలి. కట్ చేయడమా? అత్తగారు మాట్లాడుతుంటే? గోదావరి జిల్లాల్లో ఏ అల్లుడి వేలికి అంత ధైర్యముంది? "అత్తయ్యగారూ, ఒక్క నిమిషం" అన్నాడు. ఆవిడ పులుసు వండే తీరు చెబుతూ తిరగమోత దాకా వచ్చింది. చేప రెండోసారి ఎగిరింది. మూడోసారి నీళ్ళలోకే ఎగిరింది.

కౌశల్ పరుగెత్తుకొచ్చాడు. "ఫోటో ఏదన్నా?"

"అత్తగారు లైన్లో ఉన్నారు బాబూ."

"రూల్ బుక్‌లో అత్తగారి గురించి ఏమీ లేదన్నా. ఫోటో లేకపోతే ఫిష్ లేదు."

సూర్యారావు అంకుల్‌కు ఒళ్ళు మండిపోయింది. "నా కళ్ళతో చూసేన్రా కౌశలూ! నలభై ఆరుంది. బెతుల్! నిజం, ఒట్టు!"

"మీరంటే గౌరవమే అంకుల్. కానీ మీ కళ్ళను అప్‌లోడ్ చెయ్యలేం కదా."

"తినడానికెళ్ళి హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి, ఈ చోటు నాదని చోప్ చేస్తే ఎవడూ ఆ కుర్చీ ముట్టుకోడు. కాగితం ముక్కని నమ్ముతారు, డెబ్బయ్యేళ్ళోణ్ణి నన్ను నమ్మరట్రా?" అన్నాడు ముసలాయన. కానీ కౌశల్ చలించలేదు. అటువంటి నిష్ఠ వల్లే ప్రపంచం నడుస్తోంది!

మొదటి బహుమతి విజయ్ అనే అతని చేపకు వచ్చింది. పందొమ్మిది సెంటీమీటర్లు. అరచేతికి కాస్త ఎక్కువ. అయితే ఫోటోలో తల ఎడమవైపు పెట్టి, నోరు మూసుకుని, ఎంత బుద్ధిగా పడుకుందని! కృష్ణప్రసాద్ పేరు పక్కన సున్నా పెట్టారు.

అయినా అతనికి దిగుల్లేదు. కప్పు పోతే పోయింది, చేపను ఇంట్లోవాళ్ళంతా చూశారు కదా! ఆదివారాలు దక్కాయి, అది చాలు. రైల్లో కూనిరాగం తీస్తూ ఇల్లు చేరాడు.

కూతురు మహతి తలుపు తీసింది. "పిక్ ఏది నాన్నా? నో పిక్ మీన్స్ నెవర్ హాపెన్డ్ లా!"

"మీ అమ్మనడుగు. అమ్మ చూసింది."

సూర్యకుమారి వంటింట్లోంచి వచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "మీరు కెమెరా తిప్పలేదండీ. మాకు కనబడిందల్లా మీ మొహం, మీ నెత్తిమీద ఆకాశం. చేప ఎవరికీ కనబడలేదు."

"మరి మీ అమ్మగారు పులుసు, బూడిద..."

"మా అమ్మకు చేప కనబడాలా ఏమిటి, పేరు వింటే చాలు."

ఆనాడు కృష్ణప్రసాద్ సరేనన్నాడు. మాట మాటే కదా. భుజం మీది కర్రల సంచీ దించి గోడకు ఆనించాడు. "అమ్మకానికి పెట్టేస్తాలే" అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. వీరమ్మ. "ఏమే అమ్మాయీ, మాకైతే ఏమీ కనబళ్ళేదు. నువ్వన్నా చూశావా ఆ చేపని?"

సూర్యకుమారి మొగుడి వైపు చూసింది. గోడ దగ్గరి సంచీ వైపు చూసింది.

"చూశానమ్మా. కళ్ళారా చూశాను. మూరెడుంది" అంది.

ఫోన్ పెట్టేసి అతనితో, "ఆ కర్రలు ఎక్కడివక్కడ పెట్టండి. పెళ్ళయి పదిహేడేళ్ళయింది, మీ మొహం అంతలా వెలిగిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. చేప పడనివాడికి ఆ మొహం రాదు" అంది. అతను సంచీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చూశారా ఎంత ఘోరమో! ఫోటో లేదు, కొలత లేదు, పసుపు కార్డు లేదు. మొహం చూసి నమ్మేయడమే! పైగా కన్నతల్లి దగ్గర సాక్ష్యం చెప్పడమొకటి! నాగరికత ఇలా ఇంటింటా కూలిపోతుంటే మనం చూస్తూ ఊరుకోవాలా?

అయినా ఆవిడననే ముందు మీ సంగతి చూసుకోండి. ఇంతసేపూ ఏదో చేప అన్నాను, ఎవరో అత్తగారన్నాను. మీలో ఒక్కరైనా "ఫోటో ఏదీ?" అని నన్ను అడిగారా? నా మాట పట్టుకుని ఆఖరి దాకా వచ్చేశారు. ఎంత తప్పు! నన్నెవరైనా ఇలా ఊరికే నమ్మి ఎన్నేళ్ళయిందో!