నలభై వేల మంది చూసిన మఫ్లర్

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మా బీరయ్య తాత, ఆయన కోడలు యశోదత్త, పక్కింటి జహీరా ఆంటీ, నేను, ఇంకా ఓ నలభై వేల మంది.

కంగారు పడకండి. దబీర్‌పురాలో మాది రెండు గదుల ఇల్లు. నలుగురు నిలబడితే ఐదోవాళ్ళు మెట్ల మీద కూర్చోవాలి. ఆ నలభై వేల మందీ అత్త ఫోన్‌లో ఉంటారు. వాళ్ళకు టీ పెట్టక్కర్లేదు, పక్క వేయక్కర్లేదు, వెళ్ళేటప్పుడు వీధి చివరిదాకా సాగనంపక్కర్లేదు. అందుకే ఈ ఇంటికి వచ్చే చుట్టాలందరిలోకీ వాళ్ళంటేనే అత్తకు ప్రాణం!

కనుక పాఠకులారా, నేను ధైర్యంగా ఒక మాట అంటున్నాను. (ధైర్యం నాకు కాగితం మీదే వస్తుంది. మనుషుల ముందు నా నోరు పెగలదు.) వంటకు, మిద్దెతోటకు, అల్లికకు ఈ కాలంలో దొరికిన అసలైన వరం వీడియో! వండింది తినేయడం, కాసింది కోసేయడం, అల్లింది వేసేసుకోవడం... ఎంత మోటు అలవాట్లండీ ఇవి! ఊళ్ళో పది దాకా చదివి, ఇంటర్ కోసం అమ్మమ్మగారింటికి వచ్చేవరకూ నేనూ అలాగే బతికాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. ఊళ్ళో కూర పొయ్యి మీంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి నోట్లోకి వచ్చేది. నాలుక కాలని రోజంటూ లేదు! ఇక్కడ ఆ ప్రమాదమే లేదు. వంకాయ కూర దిగగానే ముందు ఫోన్ తింటుంది. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, గరిటె ఎత్తి దించుతూ ఇంకోసారి. తర్వాత కొత్తిమీర చల్లుతారు. కొత్తిమీర ఒక పక్కకే పడితే, ఏరి, కడిగి, మళ్ళీ చల్లుతారు. ఈలోగా కూర పిల్లలు కూడా తినగలిగేంత చల్లగా అయిపోతుంది.

మరి చల్లారిన కూర మీద ఆవిరి ఎక్కడినుంచి వస్తుంది? మా అత్తను అడగండి! గిన్నె వెనకాల, కనబడకుండా, ఒక అగరుబత్తి వెలిగించి పెడుతుంది. వీడియోలో కూర పొగలు కక్కుతుంది. 'వాసన ఇక్కడిదాకా వస్తోంది సిస్టర్' అని కామెంట్లు పెడతారు. అక్కడిదాకా ఏం వస్తుందో నాకు తెలియదు కానీ, ఇంట్లో మాత్రం గంధం వాసన వస్తుంది.

మొన్న తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు.

"బిడ్డా, గిది దేవునికి పెట్టినవా, మాకు పెట్టినవా?"

"తిను మామా, కొత్త మసాల," అంది అత్త.

తాత తిన్నాడు. జన్మంతా బర్రెలతో గడిపిన మనిషి. దాణా ముందు మూతి తిప్పే బర్రె అంటే ఆయనకు ఒళ్ళుమంట. అందుకని తనూ తిప్పడు.

ఇక మిద్దెతోట. పాత పెయింటు డబ్బాల్లో అత్త టమాట, మిర్చి, కొత్తిమీర వేసింది. టమాట మొక్కకు ఆకులు బాగా వచ్చాయి. ఆకులే వచ్చాయి. కాయలు ఎప్పుడో వస్తాయి, కానీ నలభై వేల మంది అంతవరకూ కూర్చుంటారా? వాళ్ళకు పనులుండవా? వాళ్ళ సౌకర్యం కోసం అత్త బండి మీద కిలో టమాటలు కొంది. ఎర్రగా, గుండ్రంగా ఉన్నవి ఏరి, వాటిని ఆకుపచ్చ దారంతో కొమ్మలకు కట్టమని నాకిచ్చింది.

ముడుల విషయంలో నాకు కాస్త పేరుంది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు, దూడను గుంజకు కట్టే ముడి తాతే నేర్పాడు. అది గుంజిన కొద్దీ బిగుసుకుంటుంది. దూడ అలిసిపోవాలే కానీ ముడి ఊడదు. నాకు వచ్చింది ఆ ఒక్క ముడే. టమాటలకూ అదే వేశాను.

వీడియో చూసి మర్నాడు పొద్దున్నే జహీరా ఆంటీ గిన్నె పట్టుకొని వచ్చింది.

"యశోదా, ఖట్టీ దాల్ జేస్తున్న. రెండు టమాటలియ్యి. నీ చెట్టుకు మస్తు కాసినయి గదా, మాషాల్లా!"

అత్త నోరు తెరిచేలోపే మిద్దె ఎక్కేసింది. ఒక టమాట పట్టుకొని లాగింది. కొమ్మ వచ్చింది, మొక్క వచ్చింది, పెయింటు డబ్బా కూడా రెండడుగులు జరిగింది. టమాట మాత్రం రాలేదు.

"యా అల్లా! గింత గట్టిగ కాస్తయా?"

అత్త రెప్ప కూడా వేయలేదు. "ఆర్గానిక్ గట్లనే ఉంటది ఆపా."

ఆ రోజు నుంచి ఆర్గానిక్ టమాటలకు కత్తెర కావాలని జహీరా ఆంటీ మా గల్లీ అంతటికీ చెబుతోంది. చూశారా, వ్యవసాయ విజ్ఞానం ఎలా వ్యాపిస్తుందో!

ఇప్పుడు అల్లిక దగ్గరికి వస్తాను. అసలు నేను కలం పట్టింది దాని కోసమే.

మా తాత కోడి కూయకముందే లేస్తాడు. పాతబస్తీలో బర్రెలకు చోటు లేకుండా పోయి చాలా కాలమైంది. చోటంతా మనుషులమే తీసుకున్నాం. మా బర్రెల కొట్టం ఇప్పుడు ఊరి చివర జల్‌పల్లిలో ఉంది. తాత చీకట్లోనే పాత మోపెడ్ మీద అక్కడికి వెళ్ళి, పాలు పిండుకొని వస్తాడు. చలికాలం ఆ గాలి ఆయన చెవుల్లో దూరి, మధ్యాహ్నం దాకా బయటికి రాదు. దూది పెట్టుకుంటాడు. తలకు తువ్వాల చుట్టుకుంటాడు. మోపెడ్ కాస్త వేగం అందుకోగానే తువ్వాల మెడలోకి జారి అక్కడే కూర్చుంటుంది. ఎడమ చెవి పోటు ఎక్కువైన రోజున దాన్ని అరచేత్తో మూసుకొని, ఒంటిచేత్తో అన్నం తింటాడు.

కార్తీకంలో ఒకరోజు తాత తనంతట తాను వెళ్ళి ఊలు ఉండ కొనుక్కొచ్చాడు. బూడిద రంగుది. "బర్రె బెదరని రంగు తెచ్చిన. చెవులకు ఏదన్న అల్లు బిడ్డా," అని నా ఒళ్ళో పెట్టాడు. ఈ ఊరొచ్చాక అందరూ నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. నోరు తెరవకుండా జవాబు చెప్పగలిగింది అడిగినవాడు తాత ఒక్కడే.

వారం తిరక్కుండా మఫ్లర్ అల్లేశాను. అప్పుడు అత్త చూసింది.

"ఆగవే పిల్లా! షురూ జేసేది తియ్యలే గదా! విప్పు, విప్పు!"

కొస పట్టుకొని లాగితే అల్లిక ఎలా ఊడుతుందో ఎప్పుడైనా చూశారా? సర్రుమని, వరసకు వరస, వారం రోజుల పని చిటికెలో మళ్ళీ ఉండ అయిపోతుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! అత్త అది కూడా వీడియో తీసింది.

మళ్ళీ మొదలుపెట్టాను. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్ ముందు కూర్చొని, మొహం కనబడకుండా, చేతులు మాత్రం కనబడేలా అల్లాను. చేతులు నావి. వాటికున్న గాజులు అత్తవి. 'హాయ్ ఫ్రెండ్స్, నేనే స్వయంగా అల్లుతున్నా' అనే గొంతు కూడా అత్తదే. నాలాంటి బిడియస్థురాలికి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరికీ కనబడకుండా నలభై వేల మందికి తెలిసిపోయాను!

ఊలు మాత్రం ఆ ఒక్క ఉండే. మఫ్లర్ విప్పి టోపీ అల్లాను. టోపీ విప్పి చంటిపిల్లల మేజోళ్ళు అల్లాను. అవి విప్పి పర్సు, పర్సు విప్పి గుమ్మానికి తోరణం. తోరణం విప్పి, 'వ్యూయర్స్ కోరిక మేరకు' మళ్ళీ మఫ్లర్. అత్త చానెల్ తెరిస్తే బట్టల దుకాణం తెరిచినట్టుంటుంది. ఇంట్లో వెతికితే ఒక ఊలు ఉండ దొరుకుతుంది. సామాను లేకుండా ఇంత సంపద ఏ కాలంలో సాధ్యమైంది? బూడిద రంగు బాగాలేదని ఫోన్‌లోనే దాన్ని గులాబీ రంగు కూడా చేసేసింది. రంగు ఖర్చు కూడా మిగిలింది!

ఈ విద్యకు ఒకే ఒక్క నియమం ఉంది. టమాటకు ముడి వేయాలి, మఫ్లర్‌కు ముడి వేయకూడదు. చివరి కుట్టు వదులుగా, ఎప్పుడంటే అప్పుడు ఊడేలా ఉంచాలి. "ముడేస్తే మల్ల విప్పుడు లొల్లి," అని అత్త ముందే చెప్పింది.

రోజూ మోపెడ్ తీసేముందు తాత అడిగేవాడు, "అయ్యిందా బిడ్డా?"

నేను లేదని తల ఊపేదాన్ని.

"ఫికర్ లేదు తీ. చలి యాడికి పోతది, ఇంక మస్తుగుంటది." చెవి మూసుకొని వెళ్ళిపోయేవాడు.

కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది. పుష్యం వచ్చింది. చలి, తాత చెప్పినట్టే, యాడికీ పోలేదు.

ఇక ఆ రోజు సంగతి. తాత జల్‌పల్లి నుంచి వచ్చి, పాల క్యాను దించి, ఎడమ చెవి మూసుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎంత పోటో కానీ, టీ ఇస్తే ఊరికే పట్టుకొని ఉండిపోయాడు. మఫ్లర్ మళ్ళీ పూర్తయింది. నా పక్కనే ఉంది. తీసి ఆయన తలకు చుట్టడానికి నాకు రెండు అడుగుల దూరం.

ఆ రెండు అడుగుల మధ్యలో అత్త ఫోన్ పెట్టింది.

"మామా, నీకు సర్‌ప్రైజ్ గిఫ్ట్ ఇస్తున్నం. మఫ్లర్ చూసి నువ్వు ఏడ్వాలె."

"ఏడ్వాల్నా?" తాత భయపడ్డాడు. "ఎందుకు, ఎవలన్న పోయిండ్రా?"

"సంతోషంతోని ఏడ్వాలె మామా. గట్లయితెనే జనం చూస్తరు."

"సంతోషమైతె నవ్వుతరు గదా బిడ్డా."

"ఉల్లిగడ్డ తెస్త, ఆగుండ్రి," అంటూ జహీరా ఆంటీ లేచింది. పరుల కన్నీళ్ళకు ఆమె ఎప్పుడూ ఆలస్యం చేయదు.

మఫ్లర్ తాత తలకు చుట్టారు. వెలుతురు చాలలేదని తీసేశారు. మళ్ళీ చుట్టారు. ఈసారి తాత ఫోన్ వైపు చూసి నమస్కారం పెట్టాడు. తీసేశారు. మళ్ళీ చుట్టారు. ఉల్లిగడ్డ పనిచేసింది కానీ తాతకు కాదు, జహీరా ఆంటీకి. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తీసేశారు. చుట్టిన ప్రతిసారీ తాత కళ్ళు మూసుకొని 'హా' అనేవాడు. తీసిన ప్రతిసారీ చెయ్యి చెవి మీదికి పోయేది. చివరికి ఎలాగో ఆయన ఎడమ కంట్లో ఒక నీటి చుక్క కనబడింది. అది చెవి పోటుకు వచ్చిందని అత్తకు చెప్పేవాళ్ళు లేరు.

"సూపర్!" అని అత్త ఫోన్ తీసి చూసుకుంది. చూసుకుంటూ చూసుకుంటూ అరిచింది. "అయ్యో! ఫోన్ నిండిందని పాతయి తీసేస్తుంటె షురూ జేసిన క్లిప్ గూడ పోయింది! పిల్లా, విప్పెయ్యవే. ఇయ్యాల్ల మల్ల మొదలువెడదాం."

నేను తాతను చూశాను. తాత నన్ను చూశాడు.

తాత మఫ్లర్‌ను ఇంకో చుట్టు బిగించి చుట్టుకున్నాడు. లేచాడు. వెనక గదిలోకి నడిచాడు. ఆయన వెనకే, మఫ్లర్ కొస నుంచి ఇంకా తెంపని మిగతా ఊలు ఉండ గునగునా దొర్లుకుంటూ వెళ్ళింది. తలుపు పడింది. తాతా మఫ్లరూ అటు, ఉండ ఇటు. మధ్యలో తలుపు కింద దారం.

"మామా, అయిపోయింది, ఇచ్చెయ్యి!"

లోపల గొళ్ళెం పడింది.

"ఇయ్యకపోతె పోనియ్. ఇక్కడికెల్లి గుంజితె అదే ఊడొస్తది," అని అత్త దారం పట్టుకొని లాగింది.

"ఎవలది! నా చెవి గుంజుతున్నరేంది?" లోపలి నుంచి కేక.

ఇంకా గట్టిగా లాగింది. ఊడలేదు. రెండు చేతులతో లాగింది. గులాబీ రంగులో ఎంతో మంది చూసిన ఆ మఫ్లర్ ఒక్క వరస కూడా కదల్లేదు. గుంజిన కొద్దీ బిగుసుకుంది.

జహీరా ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, దారాన్ని చూసి, అత్తను చూసి అంది: "యశోదా, గిది గూడ ఆర్గానిక్కేనా?"

పాఠకులారా, ముందు రోజు అత్త కూరలోంచి కొత్తిమీర ఏరుతున్నప్పుడు ఆ చివరి కుట్టుకు ఎవరు ముడి వేశారన్నది ఈ వ్యాసానికి సంబంధం లేని విషయం. నష్టం ఎంతో చూడండి! ఆ గదిలో లైటు లేదు, ఫోన్ లేదు. ఒక అల్లిక, ఎవరూ చూడకుండా, ఊరికే వాడుకలోకి వెళ్ళిపోతోంది. వీడియో మేలు కోరేదాన్ని, ఊరుకోగలనా? వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. బూడిద రంగు మఫ్లర్ మధ్యలో తాత మొహం. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఏదీ చెవి మీద లేదు.

"దూడ ముడేసినవా?" అన్నాడు మెల్లగా.

"ఏసిన తాతా," అన్నాను. ఆ రోజంతటిలో నేను మాట్లాడింది అదే.

"మంచిగేసినవ్. వెచ్చగున్నది. ఇగ పో, జరంత పండుకోనియ్యి."

ఆ మఫ్లర్‌ను చూసినవాళ్ళు నలభై వేల మంది. అది వెచ్చగా ఉంటుందని తెలిసినవాడు ఒక్కడే, ఆయనేమో నా మొహం మీదే తలుపు వేసేసుకున్నాడు.